మంచు అంచున ఎర్ర గుర్తు

1974 నాటికి విజయవాడ వన్ టౌన్‌లో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్ళిళ్ళు, అప్పుడప్పుడు చావులు. కొన్నేళ్ళుగా జాన్ ప్రసాద్ గారు మాత్రం మనుషుల ముఖాలు లేని ఫిల్మ్ తెచ్చేవారు. ఆయనది కంకిపాడు, భూగర్భ శాస్త్రవేత్తగా హిమాలయాల్లో ఉద్యోగం. అక్కడ ఆయన చూసేది గ్లేసియర్‌ని, అంటే లోయలో మెల్లగా జారే పెద్ద మంచుమేటని. దాని కొసను ఏటా ఫొటో తీసి, సెలవుకు వచ్చినప్పుడు నా దగ్గర కడిగించుకునేవారు.

"ఈ బండ మీద గుర్తు మేం వేసిన ఎర్ర రంగండీ. ఏటా ఇక్కడే నిలబడి తీస్తాను. మంచు వెనక్కి పోతోంది," అన్నారొకసారి.

"చలికాలంలో మళ్ళీ పడుతుంది కదండీ?"

"పడేదానికన్నా కరిగేదే ఎక్కువ. మన కృష్ణకి ఆ నీళ్ళతో పనిలేదు గానీ, అక్కడి ఊళ్ళు వాటి మీదే బతుకుతున్నాయి."

పోల్చి చూడటానికి వీలుగా ప్రింట్లన్నీ ఒకే కొలతలో కావాలనేవారు. అందుకని ఎన్‌లార్జర్‌ని, అంటే నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రాన్ని, ఆయన పనికి ఎప్పుడూ ఒకే ఎత్తులో బిగించేవాణ్ణి.

ఆ ఏడు ఆయన రాలేదు. ఆయన భార్య సుశీల గారు వచ్చారు. కంకిపాడులో టీచరు. ఆయన మంచు పగులులోకి జారిపోయారట. దేహం దొరకలేదు. గుడారంలోని సామాను మాత్రం ఇంటికి చేరింది, కెమెరాలో ఫిల్మ్‌తో సహా.

"ఆదరణ కూడిక పెడుతున్నామండీ," అన్నారావిడ, పోయినవారి ఇంట్లో చర్చివాళ్ళు చేసే ప్రార్థన గురించి. "ఇంట్లో పెళ్ళి ఫొటో తప్ప ఆయనది ఇంకొకటి లేదు. అందులో ఆయన్ని పిల్లలు గుర్తుపట్టట్లేదు. ఈ ఫిల్మ్‌లో ఒక్కటైనా ఉంటుందేమో చూడండి."

మా ఊరి ఉక్కకి డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే మందు, వేడెక్కితే పైపూత మెత్తబడి బొమ్మ పాడవుతుంది. ఐసు గడ్డ తెప్పించి, డబ్బా చుట్టూ ముక్కలు పేర్చి, భయపడుతూనే కడిగాను. నెగటివ్‌లు శుభ్రంగా వచ్చాయి. మంచు, బండలు, ఎత్తు తెలియడానికి కర్ర పట్టుకుని నిలబడ్డ కూలీ ఒకాయన. ప్రసాద్ గారు ఎక్కడా లేరు.

"ఒక్కటీ లేదా అండీ?" అన్నారు సుశీల గారు మళ్ళీ వచ్చినప్పుడు.

"కెమెరా ఆయన చేతిలోనే ఉంది కదమ్మా," అన్నాను.

ఆయన చివరగా తీసింది చూపించమన్నారావిడ. దాని ప్రింటు, పక్కనే నా దగ్గరున్న నిరుటి ప్రింటు పెట్టాను. నిరుడు ఎర్ర గుర్తుకు దగ్గర్లోనే ఉన్న మంచు ఇప్పుడు ఎక్కడో వెనక ఉంది. మధ్యలో అంతా రాళ్ళు.

"ఎవరూ లేనిచోట మంచుకి కాపలా ఏమిటని పోట్లాడేదాన్నండీ," అని ఏడ్చారు.

కూడికకి పెళ్ళి ఫొటోనే పెట్టారు. తర్వాత ప్రసాద్ గారి ఆఫీసు వాళ్ళు నెగటివ్‌లు అడిగారు. ఆయన చేతి చివరి పని, ఆవిడ ఇవ్వరేమో అనుకున్నాను. ఆవిడే వచ్చి పంపించేయమన్నారు.

"మీ దగ్గర ఉంచుకోరా అమ్మా?"

"వచ్చే ఏడు ఇంకొకరు అక్కడ నిలబడాలి కదండీ. ఇవి లేకపోతే అతను దేనితో పోల్చుకుంటాడు?"

కార్డ్‌బోర్డు మధ్య పెట్టి, ఒక్కొక్కటీ విడిగా చుట్టి పంపాను. ఫొటో దేన్నీ కరగకుండా ఆపదు. ఎంత పోయిందో చెప్పాలన్నా, పోకముందు ఎవరో ఒకరు వెళ్ళి తీసి ఉండాలి. అది నాకు ఆవిడ దగ్గరే తెలిసింది.