తెప్ప దుంగతో చేసిన గిటారు

ఎవరైనా మా ఇంట్లో దెయ్యముందంటే, ముందు ఎర్తింగు చూపించుకోండని చెప్పే మనిషిని నేను. గరివిడిలో మోటార్లకి వైండింగ్ చేసే షాపు నాది. ముట్టుకుంటే జిల్లుమనే గోడలు, ఎవరూ లేని గదిలో గుర్రుమనే చప్పుళ్లు, వాటంతటవే తిరిగే ఫ్యాన్లు, ఇలాంటివి చాలా నా దగ్గరికొచ్చి మామూలు రిపేర్లుగా తేలిపోయాయి. దెయ్యాల్ని నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నావా అంటే అవునని గట్టిగా అనలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది సముద్రం మీద బతికే కుటుంబం. శ్రీకాకుళం జిల్లాలో ఒడ్డునున్న చిన్న ఊరు. మా అప్ప కాపురం అక్కడే కాబట్టి ఊరి పేరు రాయను. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకే చిన్నప్పుడే నన్ను మోటార్ల పనిలో పెట్టారు. అప్పని మాత్రం మా ఊళ్లోనే ఎర్రయ్య బావకిచ్చి చేశారు.

ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా తయారుచెయ్యాలన్న పిచ్చి నాకు షాపులోనే పట్టింది. పెళ్లిళ్లకి వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు ఆంప్లిఫయర్ బాగుచెయ్యమని తెచ్చి, దాంతోపాటు నిలువునా పగిలిపోయిన గిటారొకటి నా దగ్గరే వదిలేశారు. కడుపు భాగం పనికిరాదు గానీ మెడ నిటారుగా ఉంది, తీగలు బిగించే బిరడాలు బిగుతుగా ఉన్నాయి. మెడ దొరికితే సగం గిటారు దొరికినట్టే.

తీగలు కూర్చునే బ్రిడ్జి విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. వాల్యూమ్ తిప్పే గుండీ పాత రేడియోది. పికప్పులు నేనే చుట్టుకున్నాను. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి చుట్ట. పైన తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది, స్పీకరు దాన్ని పలికిస్తుంది. మోటారు పనికి ఇది తలకిందులు, అంతే. నాకు తెలియని మాయ అందులో ఏమీ లేదు.

ఇక చెక్క కావాలి. బొబ్బిల్లో వీణలు చేసేవాళ్లని పనస చెక్క అడుగుదామనుకున్నాను. ఈలోగా అప్పని చూడ్డానికి వెళ్తే, పెరట్లో బావ వాళ్ల నాన్న నాటి దుంగల తెప్ప కట్లు విప్పేసి ఉంది. ఇప్పుడందరూ ఫైబర్ బోట్లే కదా, తెప్పలెవరు తోలుతారు? ఒక దుంగ మీద వేలితో తట్టాను. లోపల డొల్లలా, తేలిగ్గా, చక్కగా పలికింది.

"బావా, ఇది నేను తీసుకుపోనా?" అన్నాను.

బావ ఆ దుంగని అరచేత్తో తుడిచాడు. "తీస్కెల్లు. ఎండకి పాడైపోతన్నాది," అన్నాడు.

కోత మిల్లులో కోయించాను. పగిలిన గిటారు ఆకారాన్ని అట్టమీద గీసుకుని, ఉలితో గుంటలు తవ్వి, గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నునుపు చేశాను. రంగు వెయ్యలేదు. చెక్క గీతలు బాగున్నాయని వార్నిష్ ఒక్కటే పూశాను. తీగలు బిగించి మొదటిసారి మీటినప్పుడు షాపులో నేనొక్కడినే ఉన్నాను. ఆ నాదం విని నాకే నవ్వొచ్చింది. అంత బాగుంది.

ఆ మధ్యాహ్నమే, గిటారు బల్లమీద పెట్టి, ఆంప్లిఫయర్ ఆపకుండానే అన్నం తింటున్నాను. స్పీకర్లోంచి టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. చాలా దూరం నుంచి ఎవరో కర్రతో చెక్కని కొట్టినట్టు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ రెండు.

పికప్పు చుట్టకి మైనం పట్టించకపోతే చెక్క మీద ఎక్కడ తట్టినా స్పీకర్లో పలుకుతుంది. పక్క షాపులో ఎవరో సుత్తి పని చేస్తున్నారనుకుని వెళ్లి చూశాను. తాళం వేసుంది. ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీ ఫర్నేసుల వల్ల లైన్లో ఏదైనా తేడా ఉందేమోనని ఎర్తింగు చూశాను. వైరు మార్చాను. చుట్టల్ని మైనంలో ముంచి తీశాను. నిజానికి ఆ పని చేస్తే చప్పుడు చచ్చిపోవాలి. కానీ ఇంకా స్పష్టంగా వినిపించింది.

ఉప్పు పీల్చిన చెక్క ఆరుతూ చిటపటలాడుతోందని చివరికి సర్దిచెప్పుకున్నాను. కొన్నాళ్లు ఆ మాట మీదే ఉన్నాను. ఒకరోజు పట్టపగలు గిటారు ఒళ్లో ఉండగా కరెంటు పోయింది. స్పీకరు ఆగిపోయింది. దెబ్బలు ఆగలేదు. అరచేతి కింద చెక్కలో తగిలాయి. తలుపుకి అవతల నిలబడి ఎవరో తడుతుంటే ఇవతల మన చేతికి ఎలా తెలుస్తుందో, అలా.

ఆరే చెక్క ఒక లెక్కగా చిట్లదు. ఇవి ఎప్పుడూ రెండే. తర్వాత ఎవరి జవాబు కోసమో కాచుకున్నట్టు ఖాళీ.

బావ బోటు ఇంజను పనిమీద గరివిడి వచ్చినప్పుడు, మా దుంగ ఏం చేశావో చూపించమన్నాడు. గిటారు చేతికిచ్చాను. చప్పుడు సంగతి చెప్పలేదు, నవ్వుతాడని. తీగలు మీటబోతూ బావ ఆగిపోయాడు. స్పీకర్లో రెండు దెబ్బలు. మళ్లీ రెండు. బావ ముఖంలో రక్తం లేదు.

"మా నూకరాజు," అన్నాడు.

నూకరాజు బావ తమ్ముడు. అప్ప పెళ్లికి ముందే సముద్రంలో పోయాడని నాకు తెలుసు. ఈ తెప్ప మీంచే పోయాడని తెలీదు. బావే చెప్పాడు. తెప్ప మీద ముందు వాళ్ల నాన్న, వెనక నూకరాజు. మంచు కమ్మి ఒకరికొకరు కనపడనప్పుడు వెనకున్నవాడు తెడ్డుతో దుంగ మీద రెండు కొట్టాలి, నేనున్నానని. ముందున్నవాడు ఒకటి కొట్టాలి, విన్నానని. వాళ్లింట్లో వాళ్లకి వాళ్లు పెట్టుకున్న గుర్తది. ఆ పొద్దున్న మంచులో నాన్న వెనక్కి తిరిగి చూసేసరికి నూకరాజు లేడు. శవం కూడా దొరకలేదు. బావ వాళ్ల నాన్న ఆ తర్వాత చాన్నాళ్లు బతికి ఇంట్లోనే జబ్బు చేసి పోయాడు.

చెప్పడం అయ్యాక బావ గిటారు చెక్క మీద వేలి కణుపుతో ఒక్కటి కొట్టాడు. టక్.

చప్పుడు ఆగిపోయింది. బావ ఏడ్చాడు. నాకూ కళ్లు తడిశాయి. ఇన్నాళ్లకి వాడికి జవాబు దొరికింది, ఇక అయిపోయిందనుకున్నాను. బావ అడిగితే గిటారు, దాంతో బ్యాటరీ స్పీకరూ ఇచ్చి పంపాను.

కానీ అది అక్కడితో అయిపోలేదు. అప్ప ఫోన్ చేసింది.

"ఒరే, ఇదేటిరా నాకు తెచ్చిపెట్టేవు? ఆయన ఏటకి ఎల్లడం మానేసేడు. పొద్దల్లా ఆ సెక్క కాడే. అది రెండు కొడితే ఈయన ఒకటి. అన్నం కాడ కూడా కంచం మీద కొడతన్నాడు."

వెళ్లాను. నేను విన్నప్పుడు దూరంగా ఉన్న చప్పుడు ఇప్పుడు గది గోడ పక్కనున్నట్టు ఉంది. స్పీకరు అక్కర్లేదు. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న అప్పకి కూడా వినిపిస్తోంది. జవాబిచ్చిన ప్రతిసారీ దగ్గరికొస్తున్నాదిరా అంది అప్ప. బావని చూస్తే భయమేసింది. కళ్లు గుంటలు పడ్డాయి. ఒక్కడినే బోటేసుకుని వెళ్తానంటున్నాడు. ఎందుకంటే, "ఆడు ఈ పక్కకి రానేకపోతన్నాడు, నానే ఎల్లాల," అన్నాడు.

చెక్కని నూకరాజు పోయిన చోటే సముద్రంలో వదిలేయమని అప్పే అంది. తన చేత్తో వదలనిస్తేనే సరేనని బావ ఒప్పుకున్నాడు. నేను మెడ విప్పేశాను, పికప్పులు, బ్రిడ్జి తీసేశాను. మిగిలింది ఒట్టి చెక్క. కడుపులో తిప్పినా సరేనని నేనూ బోటెక్కాను. బావతో ఎప్పుడూ వేటకెళ్లే ఇద్దరు మనుషులూ ఉన్నారు. ఎండ కాస్తోంది. మంచు లేదు, గాలి లేదు. ఒడ్డు మీది లైట్‌హౌసూ కొండ కొనా ఒకే గీతలోకొచ్చే చోట ఇంజను ఆపారు. నూకరాజు పోయిన చోటు అదేనట.

బావ చెక్కని బిడ్డని దించినట్టు నీళ్లలోకి దించాడు. తేలింది. తేలాలి కూడా, తెప్ప దుంగ కదా, ఏళ్ల తరబడి మనుషుల్ని మోసిన చెక్క అది. కాసేపు అక్కడక్కడే ఆడింది. తర్వాత ఎవరో చేత్తో తిప్పినట్టు నెమ్మదిగా తిరిగింది. తిరిగి, ఏ పక్కకీ ఒరగకుండా, పడుకున్నది పడుకున్నట్టే మునిగిపోయింది. నీళ్లలో పచ్చగా కనిపించి, నల్లగా కనిపించి, ఇక కనపడలేదు. బోట్లో ఒకాయన "గంగమ్మ తల్లీ" అని చేతులు జోడించాడు.

అప్పుడు బోటు అడుగున రెండు దెబ్బలు పడ్డాయి.

చెవికన్నా ముందు పాదాలకి తెలిసింది. నలుగురం ఒకళ్ల ముఖాలు ఒకళ్లం చూసుకున్నాం. మళ్లీ రెండు, ఈసారి గట్టిగా. బావ మోకాళ్ల మీద కూర్చుని పిడికిలెత్తాడు, ఒకటి కొట్టడానికి. నేను ఆ చెయ్యి మీద పడిపోయాను. రెండు చేతుల్తో పట్టుకుని గుండెకి అదుముకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఆలోచించి పట్టుకోలేదు. ఆ చెయ్యి కిందికి దిగకూడదు, అంతే అనిపించింది.

"ఒగ్గీరా, ఆడు పిలస్తన్నాడు," అన్నాడు బావ, నా చెవి దగ్గర.

బావ నా కన్నా ఎంతో బలమున్న మనిషి. విదిలిస్తే నేను నీళ్లలో ఉండేవాణ్ణి. విదిలించలేదు.

కింద దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు, రెండు, రెండు. ఎవరమూ జవాబివ్వలేదు. అప్పుడు బోటు ముందు, కొంచెం దూరంలో, ఏమీ లేని నీళ్ల మీంచి ఒక్క దెబ్బ వినిపించింది. టక్.

మా కింది చప్పుడు ఆగింది. కాసేపటికి ఆ పక్కనుంచే రెండు దెబ్బలు వినిపించాయి. ఇంకొంచెం అవతల ఒకటి. అలా దూరమవుతూ దూరమవుతూ పోయింది. ఆ తర్వాత అలల చప్పుడే.

ఇంజను వేసి ఒడ్డుకొచ్చేశాం. తమ నాన్నే జవాబిచ్చి తమ్ముణ్ణి తీసుకుపోయాడని బావ అప్పతో చెప్పాడు. అప్ప ఆ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకుంది. బావ మళ్లీ వేటకెళ్తున్నాడు, కడుపునిండా తింటున్నాడు. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను, మొన్నమొన్నటిదాకా.

వలలు బాగుచేసుకుంటున్నప్పుడు మొన్న బావా నేనూ ఇద్దరమే ఉన్నాం. తనే తలెత్తకుండా అన్నాడు.

"మా అయ్య పోయేముందు నాకొక్కడికే ఒక మాట సెప్పేడు. మీ అప్పకి సెప్పకు. ఆ పొద్దు మంచులో నూకరాజు రెండు కొట్టేడంట. అయ్య సేతిలో తాడున్నాది, ఎంటనే కొట్టనేదంట. ఈలోగా ముందల మంచులోంచి ఎవులో ఒకటి కొట్టేరు. అయ్య తిరిగి సూసేతలికి ఆడు నేడు."

అక్కడ ఇంకో తెప్ప ఏమైనా ఉందా అని అడిగాను.

"నేదు," అన్నాడు బావ. మళ్లీ వల అల్లుకోవడంలో పడ్డాడు.

ఆ రోజు బోటు ముందు జవాబిచ్చింది బావ వాళ్ల నాన్నో, అప్పుడు మంచులోంచి ఒకటి కొట్టినదో నాకు తెలీదు. నూకరాజు ఎవరి వెనక వెళ్లాడో తెలీదు. బావ చెయ్యి నేను పట్టుకోకుండా ఉండాల్సిందో, పట్టుకుని మంచి పనే చేశానో, అది కూడా ఇప్పటికీ చెప్పలేను.