డెబ్భై ఎనిమిది మెట్ల మీద ఐదు కిటికీలు

ఆ పాత వీధిలో ఎవరింట్లో కిటికీ బిగుసుకుపోయినా ఒకటే మాట వినిపించేది: "కిటికీల అక్కకి కబురు పెట్టండి." అక్కకి యాభై మూడేళ్ళు. సన్నటి మనిషి. భుజాన ఒక గుడ్డ సంచీ, అందులో పల్చటి బాకులాంటి రేకు, చెక్క సుత్తి, పుట్టీ డబ్బా, చెవి వెనక పెన్సిలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధి ఇళ్ళన్నిటికీ నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఏ ఇంటి అద్దంలో చిన్న గాలిబుడగ ఉందో, ఏ చట్రానికి పడమటి ఎండ తగిలి పగులు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

రెండు వందల ఏళ్ళ నాటి వీధి అది. ఒక్కో ఇల్లూ నాలుగంతస్తులు. బయట గోడకి రంగు మార్చాలన్నా నగరపాలక సంస్థ అనుమతి కావాలి. అక్కడ ఇల్లున్నవాళ్ళు ఆ సంగతి గొంతు పెంచి చెప్పరు. "మేం గడియార స్తంభం వీధిలో ఉంటాం" అని మెల్లగా అంటారు, వినేవాడే సర్దుకుని కూర్చుంటాడు. అక్క ఆ వీధిలోకి అడుగుపెట్టినప్పుడల్లా, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా, ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూసేది. ఇన్ని కిటికీలు. ఒక్కో దాంట్లో ఒక్కో ముక్క ఆకాశం. వీటిని చేసిన చేతులు ఎవరివో!

ఆ కిటికీలు రెక్కలు తెరుచుకునే రకం కావు. పైకి ఎత్తితే పైకి పోయి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగేవి. చట్రానికి రెండు వైపులా లోపల బోలు పెట్టె ఉంటుంది. అందులో తాడుకి కట్టిన ఇనప బరువు గిలక మీంచి వేలాడుతుంది, బావిలో చేదలాగ. కిటికీ పైకి పోతే బరువు కిందికి దిగుతుంది. మంచి కిటికీని చిన్నపిల్ల కూడా ఒక్క వేలితో ఎత్తగలదు. ఆ పని అక్కకి నేర్పింది వాళ్ళ నాన్న. "బలవంతం చెయ్యకు, బతిమాలు" అనేవాడు. పెట్టె మూత తీసినవాడు ఆ మూత లోపలి వైపు పెన్సిలుతో తేదీ, చేసిన పనీ రాయాలి. మళ్ళీ యాభై ఏళ్ళకి ఇంకొక పనివాడు తెరిస్తే తప్ప ఆ రాత ఎవరికీ కనపడదు. ఆ పనివాళ్ళ ఆచారం అది.

అలాంటి వీధిలో ఒక వాటా అమ్మకానికి వచ్చిందని, అదీ తమకి అందే ధరలో ఉందని తెలిసినప్పుడు అక్క భర్త నమ్మలేదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"ఆ వీధిలో మనకి ఇల్లా? నేను ఆ వీధిలో బస్సు ఆపడానికే భయపడతాను."

"పై అంతస్తండీ. మూడు గదులు. లిఫ్టు లేదు, డెబ్భై ఎనిమిది మెట్లు. ఐదు కిటికీలుంటే ఐదూ తెరుచుకోవు. లోపల ఊపిరాడదని వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారట."

"అందుకని మనం వెళ్ళి ఊపిరాడక చావాలా?"

అన్నాడు గాని, బ్యాంకుకి వెళ్ళి కాగితాలు తెచ్చింది ఆయనే. బ్యాంకు సరిగ్గా ఆ ధరకే ఒప్పుకుంది. ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కలేమని చెప్పేసింది. పెళ్ళయ్యాక పదకొండు అద్దె ఇళ్ళు మారిన జంట. ఇదొక్కటే అవకాశమని ఇద్దరికీ తెలుసు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు బ్రోకరు ముందు గుమ్మం దగ్గర నిలబడి ఎదురు చూస్తూనే ఉన్నాడు. అక్క కాళ్ళు మాత్రం అలవాటు చొప్పున వెనక సందులోకి తీసుకుపోయాయి. భర్త ఆమె వెనకే. పనివాళ్ళ ఇనప మెట్లెక్కి వంటగది తలుపు తట్టారు. తీసిన ముసలావిడ వీళ్ళని ఎగాదిగా చూసి, "పైపు లీకు కోసమా? రెండో అంతస్తులో" అంది.

"కాదండీ, ఇల్లు కొనడానికి" అన్నాడు డ్రైవరు. ఆ మాట తన నోటి నుంచి వస్తుంటే తనకే విడ్డూరంగా తోచింది.

ఆవిడ పియానో టీచరు. ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని, వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇల్లంతా మూసిన పెట్టెలా ఉంది. ఉక్క. ఎక్కడో దూరంగా మూకుడు మీద గరిటెతో కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినిపించాయి. గడియార స్తంభం నాలుగు కొట్టింది. అంత పెద్ద గంట ఇంత చిన్నగానా అని అక్క ఆశ్చర్యపోయింది. కిటికీల చుట్టూ రంగు మీద రంగు, పొర మీద పొర, జీడిపాకంలా అతుక్కుపోయి ఉంది.

బ్రోకరు ఆయాసపడుతూ వచ్చి డ్రైవరుకి గోడల మందం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అక్క పక్క గది కిటికీ దగ్గరికి వెళ్ళింది. చూద్దామనే వెళ్ళింది. తర్వాత ఎప్పుడు తలచుకున్నా, సంచీలోంచి రేకు ఎలా బయటికొచ్చిందో ఆమెకి గుర్తులేదు. రంగు అతుకు వెంట రేకు దించి, మెల్లగా పైనుంచి కిందికి లాగి, చెక్క సుత్తికి గుడ్డ చుట్టి నాలుగు వైపులా తట్టింది. చెవి ఆనించి విన్నది. రెండు అరచేతులూ పెట్టి, బతిమాలినట్టుగా ఎత్తింది.

కిటికీ లేచింది.

గాలి ఒక్కసారిగా లోపలికొచ్చి పియానో మీది కాగితాలన్నిటినీ లేపేసింది. దాని వెంటే చెట్ల వాసన, కింద ఎవరో నవ్విన చప్పుడు, సైకిలు బెల్లు. నలుగురూ కిటికీ దగ్గరికి వచ్చేసి నిలబడ్డారు. కింద చెట్ల తలలు పచ్చటి దుప్పటి పరిచినట్టున్నాయి. ఎదుటి ఇళ్ళ పెంకుల మీద ఎండ పాకుతోంది. అక్క ఈ వీధిని ఎప్పుడూ నిచ్చెన మీంచి, వీపు వెనకాల పెట్టుకుని చూసింది. ఎదురుగా చూడ్డం ఇదే మొదటిసారి. చేతిలో రేకు ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే తలుపు తట్టి రెండో బేరగాడు వచ్చాడు. పళ్ళ డాక్టరు. పోయినవారం చూసి, ఉక్క అని పెదవి విరిచి వెళ్ళినవాడే. గాలి మొహానికి తగలగానే కోటు గుండీ విప్పుకుని, "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు బ్రోకరుతో. అక్కడికక్కడే ధర పెంచాడు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో భర్త మూడు స్టాపుల దాకా టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాడు. నాలుగో స్టాపులో అన్నాడు:

"ఏమే, ఆ చేతులు సంచీలో పెట్టుకుని కూర్చోలేకపోయావా?"

"తెలిసి చేశానా?"

"ఉక్క వల్లేగా మనకి అందుబాటులో ఉంది! ఆ ఉక్కని నువ్వే తీసేశావు. మహాతల్లీ!"

మర్నాడు పియానో టీచరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మిగతా నాలుగు కిటికీలూ తెరిచి పెట్టమని, శనివారం మధ్యాహ్నం ఇద్దరు బేరగాళ్ళనీ పిలిచి తేల్చేస్తానని ఆవిడ చెప్పింది. ఇందులో తప్పేముందో పాపం ఆవిడకి తట్టనే లేదు. కిటికీలు బిగుసుకున్నాయి, కిటికీల మనిషి దొరికింది, అంతే.

"వెళ్ళవు కదా?" అన్నాడు డ్రైవరు.

"మూసుకున్న కిటికీని చూసొచ్చి ఇంట్లో కూర్చోలేనండీ."

"ఒక్కో కిటికీ తెరిచినకొద్దీ ఆ ఇల్లు మనకి ఒక్కో వీధి దూరం పోతుందే!"

"తెలుసు" అని సంచీ భుజాన వేసుకుంది.

రెండు రోజులు పట్టింది. పుట్టీ ఆరాలని, తెరిచిన కిటికీనల్లా మళ్ళీ దించేసి ఉంచేది. పని చేస్తుంటే టీచరమ్మ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చునేది. ఇరవై రెండేళ్ళ కిందట కిటికీలని అలా రంగుతో అతికించేయించింది ఆవిడ భర్తేనట. ఆయనా పియానో వాయించేవాడు. గడియారం గంట తన పియానోకి అర స్వరం తక్కువ పలుకుతోందని, అది విన్నప్పుడల్లా పన్ను నొప్పి వచ్చినట్టుందని గొడవ.

"ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నాకు ఆ గంట ఇష్టమే" అంది టీచరమ్మ.

"మరి తెరిపించుకోలేదేమండీ?"

"ఎవరిని అడగాలో తెలీలేదమ్మా. అడిగితే ఆయన మీద ఫిర్యాదు చేసినట్టుంటుందేమో అని కూడా."

నాలుగో కిటికీ ఎంతకీ లొంగలేదు. బరువు పెట్టెలో ఏదో అడ్డుపడింది. అక్క పెట్టె మూత తీసింది. వెలుతురు కోసం మూతని తిప్పి పట్టుకుంటే లోపలి వైపు పెన్సిలు రాత కనిపించింది. తేదీ నలభై ఏడేళ్ళ నాటిది. దాని కింద, తలకట్టు కుడివైపుకి వాలిపోయే అక్షరాల్లో: "ఎడమ గిలక మార్చాను. తాడు కొత్తది. పాపకి ఒళ్ళు కాలిపోతోంది. తొందరగా ఇంటికి పోవాలి."

ఆ వాలిపోయిన తలకట్లు ఆమెకి తెలుసు. నాన్నవి. పాప అంటే తనే; ఇంకో పాప లేదు ఆయనకి. నాన్న ఎప్పుడూ ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, "ఇవాళ గాలి బాగుంది" తప్ప ఇంకేమీ చెప్పని మనిషి. ఆయన ఇక్కడ, ఈ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ చూడని చోట ఈ రెండు ముక్కలు రాసి, పరుగెత్తుకుని ఇంటికొచ్చాడన్నమాట. గిలక తిప్పి చూసింది. నూనె వేసినట్టు తిరిగింది. తాడు ఇంకా గట్టిగానే ఉంది. బరువుకీ పెట్టెకీ మధ్య ఇరుక్కున్న చెక్కపేడు తీసేయగానే కిటికీ తనంతట తనే నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది.

ఆ సాయంత్రం విషయం విని డ్రైవరు టీ కప్పు కింద పెట్టేశాడు. వేళాకోళం మానేశాడు. "ఇల్లు రాకపోతే పోనీ. ఆ చెక్క మూతైనా ఇస్తారేమో అడగవే" అన్నాడు.

"కిటికీది కిటికీకే ఉండాలండీ" అంది.

శనివారం. ఐదు కిటికీలూ తెరిచి ఉన్నాయి. ఇల్లు ఇల్లులా లేదు, ఓడ పైభాగంలా ఉంది. ఎండ నేల మీద ఐదు చాపలు పరిచింది. డాక్టరు గదులన్నీ తిరిగొచ్చి, "రోజంతా నా చెవుల్లో డ్రిల్లు మోతే. ఇంటికొస్తే ఇలాంటి ప్రశాంతత కావాలి. ఇంకా పెంచమన్నా పెంచుతాను" అన్నాడు. బ్రోకరు మొహం వెలిగిపోయింది. డ్రైవరు టోపీ చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు.

అక్క ఎదురుగా ఉన్న గడియార స్తంభం వైపు చూసి, "డాక్టరుగారూ, ఒక్క నిమిషం ఆగండి. పన్నెండవుతోంది" అంది. ఆమెది న్యాయబుద్ధి; కొనేవాడికి తెలియాలి కదా.

"అయితే?" అన్నాడాయన.

గంట మోగింది.

వీధిలోంచి విన్న గంట కాదది. కిటికీలకి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో, ఇంత దగ్గరలో. మొదటి దెబ్బకి అద్దాలు జివ్వుమన్నాయి. రెండో దెబ్బకి పియానో మూత కింద తీగలు వాటంతటవే మూలిగాయి. అక్క చెయ్యి చట్రం మీద ఉంది. చెక్కలోంచి, అరచేతిలోంచి, మోచేతి దాకా ఆ నాదం పాకింది. రెండు వందల ఏళ్ళుగా ఈ చెక్క ఇది వింటూ ఉందా! డాక్టరు నోరు కదులుతోంది గాని మాట వినిపించడం లేదు. పన్నెండు దెబ్బలూ అయ్యేసరికి ఆయన చెవుల మీంచి చేతులు తీసి అన్నాడు:

"ఇది గంటగంటకీనా?"

"రాత్రి పదిన్నర నుంచి ఆరింటి దాకా ఆపేస్తారండీ" అంది అక్క.

"సరే, దానికేముంది, మళ్ళీ అతికించేద్దాం. నువ్వే చేసెయ్యమ్మా."

"తెరవడమే నా పనండీ. అతికించడం నాకు చేతకాదు."

"పోనీ ఇంకొకరు చేస్తారు" అని డాక్టరు టీచరమ్మ వైపు తిరిగాడు.

టీచరమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది. చివరి వేలు మడిచి నవ్వింది. "పన్నెండూ కొట్టింది! మా ఆయన పోరులో పడి, ఆ గంటకి పదకొండే వచ్చేమో అనుకునేదాన్ని." ఆ నవ్వుతోనే డాక్టరుతో చెప్పింది: "మీకివ్వలేను బాబూ. ఒకసారి మూయించిన ఇంట్లో ఉన్నాను. మళ్ళీ మూసేవాళ్ళకి అమ్మి వెళ్ళలేను."

"మేడమ్, ఆయన ఇస్తానన్నది..." అని బ్రోకరు గొంతు సవరించుకున్నాడు.

"విన్నానయ్యా. గంట తప్ప అన్నీ వింటూనే ఉన్నాను ఇన్నేళ్ళూ." అక్క వైపు తిరిగి, "మొదట చెప్పిన ధరే. ఎప్పుడైనా ఈ ఊరొస్తే, మోకాళ్ళు సహకరిస్తే, ఓ పూట ఈ కిటికీ దగ్గర కూర్చోనిస్తావా?" అంది.

అక్క తలూపింది. డ్రైవరు టోపీ నెత్తిన పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

నెల తర్వాత, తాళంచెవి చేతికొచ్చిన రోజు, సామాన్ల బండితో భర్త ముందే వెళ్ళాడు. అక్క ఒక ఇంట్లో పని ముగించుకుని సాయంత్రం వచ్చింది. వెనక సందులో ఇనప మెట్ల దగ్గర గేటులో తాళంచెవి పెట్టి తిప్పుతోంది. తిరగదు. బయటికి తీసి, ఊది, మళ్ళీ పెట్టింది. సందు ఊడ్చే ఆవిడ చీపురు ఆపి చూస్తోంది.

"ఇవాళ ఎవరింట్లో పని అక్కా?"

"మా ఇంట్లో" అని, అన్నాక ఆ మాట విని తనే ఆగిపోయింది.

"మీ ఇల్లయితే ఇటెందుకొచ్చావు? ముందుకి పో!"

ముందు గుమ్మం తాళం చప్పుడు లేకుండా తిరిగింది. ముప్ఫై ఏళ్ళలో ఆ ముందు మెట్లని ఆమె లోపలి నుంచి ఎప్పుడూ చూడలేదు. ఒక్కో మెట్టూ మధ్యలో పళ్ళెంలా అరిగి ఉంది. ఎంతమంది పాదాలు అరగదీశాయో! చెప్పులు గుమ్మం బయట మూడుసార్లు తుడుచుకుంది, అయినా అడుగు పడలేదు. చివరికి విప్పి చేత్తో పట్టుకుని ఎక్కింది. మెట్ల అంచుల ఇత్తడి పట్టీలు అరికాళ్ళకి చల్లగా తగిలాయి. ప్రతి మలుపులోనూ ఆగి పైకి చూసింది. గాజు కప్పు లోంచి వెలుతురు బావిలోకి దిగినట్టు దిగుతోంది. డెబ్భై ఎనిమిదీ లెక్కపెట్టింది.

పైన పెట్టెల మధ్య భర్త రేడియో సర్దుతున్నాడు. అక్క సంచీ దించకుండానే నాలుగో కిటికీ దగ్గర కూర్చుని పెట్టె మూత తీసింది. నాన్న రాతకింద రెండు వేళ్ళ జాగా ఉంది. పెన్సిలు తీసి తేదీ వేసింది. ఆపైన ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. లోపలికి చెయ్యి పెట్టి తాడుని ఒకసారి తడిమి, రాసింది: "తాడు బాగానే ఉంది."

చివరి అక్షరం దగ్గర గంట ఆరు కొట్టడం మొదలుపెట్టింది. చేతిలో పెన్సిలు అదిరి, అక్షరం కుడివైపుకి వాలిపోయింది. వెనకనుంచి భర్త ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్కా వినపడలేదు. అటు తిరిగి, సరేనని తలూపింది.