త్రోబాల్ కోర్టులో నోరు విప్పిన బినీత

2023. యలహంకలో ఒక ప్రైవేట్ స్కూలు. నేను అక్కడ ఇ.ఎస్.ఎల్. టీచర్ని. అంటే, ఇంట్లో ఇంగ్లిష్ వినిపించని పిల్లలకి విడిగా ఇంగ్లిష్ నేర్పే పని. ఆ ఏడు ఆరో క్లాసులో బినీత చేరింది. నేపాల్ పిల్ల. వాళ్ళ నాన్న పక్క అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ.

కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు వింటారే గాని మాట్లాడరు. దాన్ని సైలెంట్ పీరియడ్ అంటాం. బినీతది దసరా దాటినా అయిపోలేదు. హెడ్ మిస్ పిలిచి తేల్చేసింది. "ఈ టర్మ్ ఓరల్ పరీక్షలో నోరు తెరవకపోతే ఐదులోకి దించేస్తాం."

నేనేం తక్కువ చేసినానా? బొమ్మల కార్డులు, చాక్లెట్లు, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న నాలుగు నేపాలీ మాటలు. ఎప్పుడన్నా "ఎస్ మిస్" అంటే చాలు, ఫోన్ తీసి "ఇంకోసారి చెప్పు బంగారం, మీ అమ్మకి పంపిస్తా" అనేదాన్ని. తల దించేసేది.

ఒకరోజు గ్రౌండ్ నుంచి అరుపు. "వన్ హ్యాండ్! ఫౌల్! గివ్ బాల్!"

పోయి చూస్తే బినీత! మెళ్ళో విజిల్, ఎదురుగా త్రోబాల్‌ని ఒంటిచేత్తో పట్టిన ఎనిమిదో క్లాసు పిల్ల. పక్కన పీటీ మిస్ మంజుల శనక్కాయలు నములుతా ఉండాది. రోజూ దేవనహళ్ళి నుంచి బస్సులో వస్తాది, ఒక్క ఇంగ్లిష్ క్లాసు తీసుకున్న మనిషి కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేసినావు దానికి?"

"ఏం చెయ్యలా. అంపైర్ పిల్ల రాలేదు, విజిల్ దీనికిచ్చినా."

"ఇన్ని నెలలు నేను తలకాయ కొట్టుకుంటే నీతో మాట్లాడతాదా?"

"నాతో యాడ మాట్లాడింది? ఆటతో మాట్లాడతా ఉండాది. ముందు ఆ ఫోన్ లోపల పెట్టప్పా. నిన్ను చూసి గమ్మునైపోయింది చూడు."

నా చేతిలో రికార్డింగ్ ఆన్‌లోనే ఉండాది.

ఆ వారమంతా మంజులతో మాట్లాడలా. ఓరల్ ముందురోజు మాత్రం పోయి అడిగినా. "ఓరల్ నీ గ్రౌండ్‌లో పెట్టిస్తా. విజిల్ దానికే ఇయ్యి."

"అట్ల రా దారికి," అని నవ్వింది. ఆ నవ్వు కూడా నచ్చలా నాకు.

హెడ్ మిస్ కోర్టు పక్కన కుర్చీ వేయించుకుంది. బినీత ఫౌల్ ఇవ్వగానే "వై?" అని అడిగింది.

"క్యాచ్ టూ హ్యాండ్స్, మిస్. షి వన్ హ్యాండ్." అంతటితో ఆగలా. బాల్ తెచ్చి హెడ్ మిస్ చేతుల్లో పెట్టింది. "యూ ట్రై. సీ? బోత్!"

ఆరులోనే ఉంచినారు. ఆ మాట చెప్పగానే బినీత పరిగెత్తి మంజులని పట్టేసుకుంది. నాకు దూరం నుంచి చెయ్యి ఊపింది.

ఇప్పుడు కొత్త పిల్ల ఎవరొచ్చినా ముందు మాట్లాడమనను. నలుగురూ దాని మాట కోసం ఆగాల్సిన పని ఏదన్నా ఇస్తా. ఈ ఉపాయం ఎవరిదని అడుగుతారు కొత్త టీచర్లు. మంజుల పేరే చెప్తా. చెప్పిన ప్రతిసారీ మండతాది.