దాదా తెలుగు పాట

దాదా పోయారన్న వార్త హామిల్టన్ ఊరి అంచున ఉండే మా రోటోటూనా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఎవరిదో పాత సోఫా అమ్మకానికీ ఆవకాయ ఆర్డర్లకూ మధ్య వచ్చింది. కాసేపట్లో వరసగా దణ్ణాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆయన మా పక్కింటి బెంగాలీ ఆయన. దాదా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. కలకత్తాలో ఉన్నప్పుడు పాటలు రాసి, బాణీ కట్టి, తనే పాడేవారు. సినిమాల్లో, సీరియళ్ళలో హీరోయిన్ మేనమామగానో, చెడు కబురు చెప్పే డాక్టరుగానో వేసేవారు. భార్యకు హామిల్టన్‌లో నర్సు ఉద్యోగం రావడంతో ఇక్కడికొచ్చి స్కూలు బస్సు నడిపారు. నటుడిగా ఈ దేశం ఆయనకిచ్చినవి మూడు వేషాలు. మూడూ వీధి చివర కొట్టు, అదే ఇక్కడి డెయిరీ, నడుపుకునే ఇండియన్ వేషాలే. రెండింటిలో కొట్లో దొంగలు పడతారు. “మూడోదాంట్లో మాత్రం పాలు అమ్ముకోనిచ్చారు,” అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

మా తెలుగు సంఘంలో ఎవరు ఎప్పుడు పాడాలో, ఆడాలో జాబితా వేసేది నేనే. ప్రతి ఉగాదికీ తన పాట ఒకటి పాడతానని దాదా అడిగేవారు. “మనవాళ్ళకి బెంగాలీ అర్థం కాదు దాదా, ఏదైనా పాత హిందీ పాట పాడేయండి,” అనేదాన్ని. పాడేసేవారు. ఆయన కోరిక పెద్దదేం కాదు. ఈ దేశంలో ఒక్కసారి తన సొంత పాట, కూర్చుని వినే మనుషుల ముందు, చివరిదాకా పాడాలి. అంతే.

కిందటేడు కంచె మీదుగా నేను కొత్తిమీర అందిస్తుంటే అన్నారు: “వాళ్ళకి అర్థం కాకపోతే, నేనే తెలుగు నేర్చుకుంటా చెల్లీ.”

అప్పటినుంచి రోజుకో మాట అడిగి పట్టుకెళ్ళేవారు. పొగమంచు. ఎదురుచూపు. ఒకరోజు, పిల్లలందరూ దిగిపోయాక మిగిలిన బస్సుని ఏమంటారన్నారు. “ఖాళీ బస్సు అనే అంటాం దాదా,” అన్నాను. అదీ రాసుకున్నారు, బెంగాలీ అక్షరాల్లో. పాట మాత్రం నాకు వినిపించలేదు. వంటింట్లో రుచి చూసేస్తే విస్తట్లో ఏం మిగులుతుంది అనేవారు.

ఈ ఉగాదికి ఆయన్ని చివర్న వేశాను. గౌరవం కోసం కాదు. పిల్లల డాన్సుల్లో దేన్ని వెనక్కి జరిపినా వాళ్ళ అమ్మలు నాతో మాట్లాడరు. ఎప్పటిలాగే ఆలస్యమైంది, హాలు ఖాళీ చేసే టైము దగ్గరపడింది. దాదా హార్మోనియం ముందు కూర్చోగానే నేనే మైకులో చెప్పాను: “దాదా పాడుతుంటారు, మీరు డిన్నర్ స్టార్ట్ చేసేయండి.”

కుర్చీలన్నీ ఒక్కసారి గరగరమన్నాయి. నేను హాలు వెనక బిర్యానీ ట్రేల మీద ఫాయిల్ విప్పుతూ, పెరుగుచట్నీ ఎక్కడని అడిగేవాళ్ళకు చూపిస్తూ ఉన్నాను. తిరిగి చూసేసరికి ఆయన హార్మోనియం మూస్తున్నారు.

“బాగుంది దాదా,” అన్నాను.

“వేడిగా ఉండగా తిను చెల్లీ,” అన్నారు. నేనన్నది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

సంతాప సభలో మా ప్రెసిడెంట్ ఆయన్ని ‘మన తెలుగింటి గాయకుడు’ అన్నాడు. తెర మీద వేద్దామంటే పిల్లల డాన్సులు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, ఆ పాట ఒక్కరి దగ్గరా లేదు. అయినా ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. ఆరోజు డిన్నర్ లేదు మరి.

నిన్న బౌది, అంటే వాళ్ళ ఆవిడ, పిలిచి ఆ పాట కాగితం తీశారు. ఆవిడకు తెలుగు రాదు, నాకు ఆ బెంగాలీ అక్షరాలు రావు. కూడబలుక్కుంటూ ఆవిడ చదువుతుంటే పొగమంచు, ఎదురుచూపు, ఖాళీ బస్సు, కంచె మీదుగా నేనిచ్చినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

“ఉగాది రోజు నాకు డ్యూటీ,” అన్నారు బౌది ఇంగ్లీషులో. “ఇంట్లో ప్రాక్టీస్ కూడా గరాజ్ తలుపు వేసుకునే చేశారు. ట్యూన్ నీకు తెలుసు కదా? నువ్వు అక్కడే ఉన్నావుగా.”

హార్మోనియం మీది గుడ్డ తీశారు. ఒక చేత్తో తిత్తి కదుపుతూ, రెండో చేతి వేలు ఏదో ఒక మెట్టు మీద ఆనించి, నేను అందుకుంటానని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.