ఎఫీ గుండె ఆగిన హాలోవీన్లు

ఎఫీ మాకిన్నిస్‌కి నిర్ఘాంతపోవడం ఒక వ్యసనం. కొందరికి పొగాకు ఎలాగో ఆవిడకి అది అలాగ. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. ఆవిడ పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. అయినా ఎఫీ గుమ్మంలో నిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని, "హా! నీళ్ళు ఎంత దూరం పోయాయో చూశావా లాకీ! నా గుండె ఆగిపోయింది!" అనేది. సాయంత్రానికి ఆ నీళ్ళు తిరిగొచ్చేవి. అప్పుడూ ఆగేది.

లాకీ ఆవిడ మొగుడు. పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం గుండె ఆగిందన్న కేక వినపడితే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాడు. ఒకసారి గొర్రెకి బొచ్చు కత్తిరిస్తూ సగంలో వదిలేసి వచ్చాడు. తీరా చూస్తే కోడి రెండు సొనల గుడ్డు పెట్టింది, అదీ సంగతి. ఈలోగా గొర్రె పారిపోయింది. ఒకవైపు బొచ్చుతో, ఒకవైపు బోడిగా వారం రోజులు దీవంతా తిరిగింది. దాన్ని చూసి ఎఫీ ఇంకోసారి నిర్ఘాంతపోయింది.

చివరికి పడవ మీద డాక్టర్ని పిలిపించారు. ఆయన గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఏవయ్యా లాకీ, ఈ గుండె మనిద్దర్నీ సాగనంపి గానీ ఆగదు" అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన అంత తొందరగా వెళ్ళిపోయినందుకు కూడా ఎఫీ చాలా ఆశ్చర్యపోయింది.

ఇలాంటి మనిషికి హాలోవీన్ వస్తే ఇంకేముంది! ఆ పడమటి దీవుల్లో ఆ రాత్రి పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా వేషాలు కట్టేవారు. గొర్రెతోళ్ళు కప్పుకుని, గడ్డితాళ్ళు జుట్టులా వేలాడేసుకుని, మొహం ఏ కొంచెమూ కనపడకుండా ఇల్లిల్లూ తిరిగేవారు. నోరు విప్పితే దొరికిపోతామని ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడేవారు. వచ్చింది ఎవరో ఇంటివాళ్ళు చెప్పాలి. పేరు సరిగ్గా చెప్తే ముసుగు తీసెయ్యాలి. చెప్పలేకపోతే ముసుగులోనే కడుపునిండా తిని, ఎవరో తెలియకుండానే వెళ్ళిపోవచ్చు. సరిగ్గా పెట్టని ఇంటికి మాత్రం మూడినట్టే. తెల్లారేసరికి వాళ్ళ బండి ఇంటికప్పు మీద ఉండేది.

మనుషుల్ని గుర్తుపట్టడంలో లాకీని మించినవాడు లేడు. చీకట్లో దగ్గు వింటే మనిషి పేరు చెప్పేవాడు. ఎఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు. తను కుట్టిచ్చిన కోటే వేసుకొచ్చినా సొంత చెల్లెల్ని గుర్తుపట్టలేకపోయింది. పైగా నోటికొచ్చిన పేరల్లా చెప్పేది.

పక్కింటి హెక్టర్ ఓసారి పొట్టేలు తోలు కప్పుకొచ్చాడు. లాకీ తలెత్తకుండానే, "హెక్టరూ, వేషం బాగుంది గానీ నీ కుంటినడకకి కూడా ఓ ముసుగు వెయ్యాల్సింది" అన్నాడు.

ఎఫీ కుర్చీలో కూలబడింది. "హా! హెక్టరా? నేను లైట్‌హౌస్ వాడి మేనత్తనుకున్నాను!"

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది, ఎఫీ" అన్నాడు హెక్టర్ తోలు విప్పుతూ.

"అందుకే కదయ్యా నా గుండె ఆగింది!"

ఆ రాత్రే హెక్టర్, పడమర సముద్రానికి అవతల బోస్టన్‌లో ఉన్న చెల్లెలు రాసిన సంగతి చెప్పాడు. "అక్కడ పిల్లలు పాటా పాడరు, ఆటా ఆడరట. గుమ్మంలో నిలబడి, మిఠాయి పెడతావా, నీ పని పట్టమంటావా అని అడుగుతారట. అంతే."

ఎఫీ చెయ్యి గుండెల మీదికి పోయింది. "బెదిరించి అడుక్కోవడమా? పేరు కనుక్కోవద్దూ, పొయ్యి దగ్గర కూర్చోబెట్టొద్దూ?" అని, గొంతు తగ్గించి చెప్పింది. "ఈ రాత్రి మొట్టమొదట తలుపులు తట్టింది బతికున్నవాళ్ళు కాదు హెక్టరూ. పోయినవాళ్ళు. చలి మొదలయ్యే రాత్రి కదా, ఒక్కసారి సొంత పొయ్యి దగ్గర కాచుకుని పోదామని వచ్చేవారట. మా అమ్మమ్మ చెప్పేది. ఎవరు నువ్వు అని అడిగావో, సిగ్గుపడి ఆ చలిలోకే వెళ్ళిపోతారు. అడక్కుండా పెట్టాలి. తర్వాత్తర్వాత వాళ్ళ పేరు చెప్పి మీబోటి తిండిపోతులు వేషాలు మొదలెట్టారు."

లాకీకి ఈ కబుర్లు చెవికెక్కలేదు. అతని మనసు గడ్డిమనిషి మీద ఉంది. ఏటేటా అందరూ వచ్చి వెళ్ళాక ఒక భారీ వేషం వచ్చేది. తల నుంచి మోకాళ్ళ దాకా గడ్డి, చేతులకి మేజోళ్ళు. మాటా పలుకూ లేదు. వచ్చి పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని, పెట్టింది తిని, వెళ్ళిపోయేది. లాకీ కళ్ళు చిట్లించి "ఆ భుజాలు ఎక్కడో..." అనే లోపల ఎఫీ కొంప ముంచేది. ఒక ఏడు ఎలుకని కేక పెట్టి బల్లెక్కింది. ఒక ఏడు మీగడ గిన్నె లాకీ నెత్తిన బోర్లించింది. పోయినేడు మూర్ఛపోయి పిల్లి మీద పడింది. లాకీ ఆవిణ్ణి లేపి, పిల్లిని బుజ్జగించి తల తిప్పేసరికి బల్ల ఖాళీ.

"దీవంతా గుర్తుపట్టేవాడివి, నీ ఇంట్లో ఎవడు తినిపోతున్నాడో తెలీదటగా!" అని హెక్టర్ నలుగురిలో దెప్పేవాడు. లాకీకి తల కొట్టేసినట్టుండేది.

ఎఫీకి ఆశ్చర్యం వ్యసనమైతే లాకీకి పంతం. దానికి సాక్ష్యం అతని అన్న యూవెన్. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక పడవ ఉండేది. ఒక గాలిరాత్రి అది తాడు విడిపోయి, పడమరగా, బహుశా బోస్టన్ వైపే, వెళ్ళిపోయింది. తాడు కట్టింది నువ్వంటే నువ్వని మొదలైంది. "ఇంక నీ గడప తొక్కితే ఒట్టు" అని యూవెన్, "తొక్కితే కుక్కని వదుల్తా" అని లాకీ. అప్పట్నుంచి చర్చిలో చెరో పక్క కూర్చునేవారు. అన్న ఆవు తన చేలో పడితే లాకీ ఆవుతోనే చెప్పేవాడు. "మీ ఆసామికి చెప్పు, కంచె బాగుచేసుకోమని." అవతలి నుంచి యూవెన్ కూడా ఆవుకే జవాబిచ్చేవాడు. వాళ్ళమ్మ పోయిన రోజున కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ ఇల్లు లాకీకి దక్కింది, ఆ పొయ్యితో సహా.

ఆ ఏడు లాకీ ఇంక లాభం లేదనుకున్నాడు. గడ్డిమనిషి పేరు చెప్పలేకపోతే వచ్చే వేసవిలో హెక్టర్ ఇంటి పొయ్యిలోకి కట్టెల బదులు కావలసిన పీట్ మట్టిపెళ్ళలన్నీ బురదలో దిగి తనే కోసిస్తానని పందెం కాశాడు. హాలోవీన్ చీకటి పడగానే పెళ్ళాన్ని గోడవార కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఈ రాత్రి నువ్వు కుర్చీలోంచి లేవకూడదు."

"నా గుండె ఆగితే?"

"కూర్చునే ఆపుకో. చేతిలో కప్పు ఉండకూడదు. గిన్నె ఉండకూడదు. పిల్లిని హెక్టర్ ఇంట్లో వదిలేశాను."

"మరి వడ్డన?"

"నేనే వడ్డిస్తా. కేక పెట్టావంటే నీ మీదొట్టు, నేను పక్కనే ఉండి కూడా లేపను."

ఎఫీ మొహం తెల్లబోయింది. నిజంగానే భయపడినట్టుందని లాకీకి జాలేసింది గానీ, పందెం పందెమే.

పిల్లలొచ్చి పాటలు పాడి ఆపిల్సూ గింజలూ పట్టుకెళ్ళారు. పెద్దలొచ్చారు. లాకీ ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలుస్తూ ముసుగులు ఊడబీకించాడు. ఎవరూ వెళ్ళలేదు. పందెం చూద్దామని గోడలకి ఆనుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు హెక్టర్.

గడ్డిమనిషి వచ్చాడు. ఇంతమందిని చూసి గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. లాకీ వేడి వోట్ రొట్టె అందించి, అక్కడే ఒంగి నిలబడి కళ్ళప్పగించి చూశాడు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా చూడటం ఇదే. మేజోడు తొడిగిన చెయ్యి రొట్టె అంచు తుంచింది. ఆ ముక్కని నోట్లో పెట్టుకోలేదు. పొయ్యిగట్టు ఎడమ మూల పెట్టింది.

ఆ మూల అప్పటికే ఒక రొట్టె ముక్క ఉంది. చీకటి పడే వేళ లాకీ పెట్టింది. వాళ్ళమ్మ బతికున్నంతకాలం ఈ రాత్రి మొదటి ముక్క అక్కడే పెట్టేది, పోయిన నాన్న కూర్చునేది ఆ మూల కాబట్టి. ఆ ఇంట్లోవాళ్ళు కాక ఆ సంగతి తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు.

లాకీ గుండె ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వింటున్న మాటే గానీ, అది ఇలా ఉంటుందని అతనికి తెలీదు. దిక్కుతోచక ఎఫీ వైపు చూశాడు.

ఎఫీ ఆశ్చర్యపోలేదు. చెయ్యి గుండెల మీదికి పోలేదు. కళ్ళు పెద్దవి కాలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని, ఏం చేస్తావో చెయ్యి అన్నట్టు మొగుణ్ణే చూస్తోంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేకపోవడం లాకీ చూడటం అదే మొదలు. ఎలుకా, మీగడా, పిల్లీ, అన్నీ సరిగ్గా ఈ ముక్క తుంచే వేళకే జరిగాయని అప్పుడు వెలిగింది. ఈ ఆడది నన్నెంత వెర్రివాణ్ణి చేసింది! అనుకున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు.

"ఊఁ, చెప్పరా లాకీ! పేరు!" అన్నాడు హెక్టర్.

గడ్డిమనిషి చేతిలో రొట్టె ఆగిపోయింది. పేరు చెప్తే ముసుగు తియ్యాలి. తీస్తే, అమ్మ పొయ్యి దగ్గరికి యూవెన్ ఇంకెప్పుడూ రాడు. వాడి పంతం లాకీకి తెలుసు. తనదీ అదే రకం.

"ఆ భుజాలు చూడగానే తెలిసింది" అన్నాడు లాకీ గట్టిగా. "లైట్‌హౌస్ వాడి మేనత్త!"

ఇల్లు పగిలిపోయేలా నవ్వారు. హెక్టర్ నేలమీద చతికిలబడి నవ్వాడు. "మొగుడికీ అంటుకుందిరోయ్!" అంటూ, రాబోయే వేసవి సుఖం తలుచుకుంటూ అందర్నీ వెంటేసుకుని వెళ్ళిపోయాడు. గడ్డి మాత్రం చాలాసేపు సన్నగా వణికింది. నవ్వో, మరొకటో తెలీలేదు.

లాకీ ఇంకో రొట్టె పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. "తిను. నువ్వెవరో నాకు తెలీదు."

గడ్డిమనిషి తిన్నాడు.

"ఎవరో తెలీదు కాబట్టి అడుగుతున్నా. నీకు అన్నదమ్ములున్నారా?"

ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడయింది. "ఒకడున్నాడు. వట్టి మొండివెధవ."

"నాకూ ఒకడున్నాడు. వాడు ఇంకా మొండి." లాకీ పొయ్యిలో పీట్ పెళ్ళ ఎగదోశాడు. "ఆదివారం భోజనానికి పిలుద్దామనుకుంటున్నా. వస్తాడంటావా?"

"మొహం పెట్టుకుని రాడు. ఒట్టేసుకున్నాడు."

"మొహం ఎవరిక్కావాలి? గడ్డితోనే రమ్మను. ఊడ్చుకుంటాం."

ఆ ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చి బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఎండ బాగా కాసింది. ఆ పట్టపగలు, హాలోవీన్ అయిపోయాక, తల నుంచి మోకాళ్ళ దాకా గడ్డి కప్పుకున్న ఒక భారీ మనిషి రోడ్డు మధ్యగా తాపీగా నడుచుకుంటూ వెళ్ళాడు. చంకలో చుట్టచుట్టిన కొత్త పడవ తాడు. ఫాదర్‌గారి నోట్లో పైపు జారిపోయింది. హెక్టర్ గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకున్నాడు. ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టి చూస్తుంటే, ఆ మనిషి లాకీ ఇంటి ముందు ఆగి తలుపు తట్టాడు.

లోపల ఎఫీ సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తోంది. ఏమాత్రం ఉలిక్కిపడలేదు. "లాకీ, ఎవరో వచ్చారు చూడు" అని, బల్ల మీద ఇంకో పళ్ళెం పెట్టింది.