ఉప్పుచేను చూడవచ్చిన కమిటీ

ఇన్నేళ్లుగా అడుగుతున్నా నాకు జవాబు చెప్పినవాడు లేడు. పెద్దమనుషుల గుమ్మాల ముందు నిలబడి నిలబడి విసిగి, ఈ పత్రికకు రాస్తున్నాను.

జమీందారీ రైతుల కోసం కొత్త చట్టం చేస్తున్నారనీ, దాని ముసాయిదాను సరిచూసే శాసనసభ కమిటీ బందరు వచ్చి జనం మాట వింటుందనీ తెలిసి, దివిసీమ నుంచి రేవు దాటి వెళ్లాను. వానలు లేక పంట ఎండినా, వరదకు మునిగినా శిస్తు తగ్గించాలని ముసాయిదాలో ఉంది. సముద్రపు పోటుకు ఉప్పెక్కిన చేల ఊసే లేదు. ఆ ఒక్కటి చేర్చమని అడగాలి.

పొద్దుటంతా ఎస్టేటు వకీళ్లు కుర్చీల్లో కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడారు. నా వంతు భోజనాల వేళకు వచ్చింది. నిలబడే చెప్పాను. చేను చూసి నిర్ణయిస్తామన్నాడు అధ్యక్షుడు. అన్నట్టే రెండు రోజుల్లో వచ్చారు, ఎస్టేటు వారి పడవలో.

అది భాద్రపదం. చేను కళకళలాడుతోంది.

"ఏమండీ, ఉప్పు చూపిస్తానని పచ్చటి చేను చూపిస్తున్నారేం?" అన్నాడు అధ్యక్షుడు.

"వానలకి అడుక్కి దిగిందండి. కాలవనీళ్లు తగ్గాక పైకొచ్చి కంకంతా తాలు చేసుద్ది. ఎండాకాలం రండి, గట్టు మీంచే తెల్లగా కనబడుద్ది."

"ఎండాకాలం మేం ఊటీలో ఉంటాం కదయ్యా," అన్నాడు ఒక సభ్యుడు.

అందరూ నవ్వారు. పక్క చేను మా బావది. అతని చేలోనూ అదే ఉప్పు. అతనూ నవ్వాడు. ఆ తర్వాత అతని ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు నేను.

పడవెక్కుతూ అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పింది రాసుకున్నాం. మద్రాసులో కమిటీ కూర్చున్నప్పుడు చదివి చర్చిస్తాం."

చట్టం వచ్చింది. అందులో ఉప్పుచేల మాట లేదు. కమిటీ నివేదికను బందరులో ఒక వకీలు నాకు చదివి చెప్పాడు. దివిలో పొలాలు స్వయంగా చూశామనీ, పైరు బాగుందనీ రాశారట. నేను చెప్పింది ఒక్క ముక్క లేదు. సాక్ష్యం చెప్పబోయిన నా మీద నా చేనే సాక్ష్యమైంది.

ఆ ఏడు పంటంతా తాలే. శిస్తు తగ్గించమంటే ఎస్టేటు గుమాస్తా ఆ నివేదిక మాటే నాకు అప్పజెప్పాడు. మరుసటేడు చేను వేలానికి పోయింది.

చేను తిరిగి ఇమ్మని అడగను. ఆ కమిటీలో బతికున్నవారు ఒక్కరైనా చెప్పండి. నా మాట మద్రాసులో చదివారా, లేదా? చదివితే కొట్టేసిందెవరు? చదవకపోతే నా గట్టెక్కి ఎందుకు నిలబడ్డారు?