ముల్లు సున్నా మీద ఉన్నప్పుడు

మేం పై చదువులకెళ్లిన హామిల్టన్‌లో ఎక్కడ చూసినా మన స్టూడెంట్లే కనబడే రోజుల్లో, మా ల్యాబ్‌లో ఒంగోలు నుంచి వచ్చిన సీనియర్ అక్క ఉండేది. ఏ ట్యాంకు జోలికెళ్లినా ముందు గ్లవ్ తీసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు దానిమీద చెయ్యి ఆనించేది. అవి కార్ల కోసం తయారవుతున్న గ్యాస్ ట్యాంకులు. లోపలంతా బొగ్గుపొడి. ఆ బొగ్గే గ్యాస్‌ని పీల్చి పట్టుకుంటుంది.

నేను చేరిన కొత్తలో ఒకసారి గ్యాస్ వదిలేసి వాల్వ్ కట్టేశాం. ప్రెజర్ చూపించే గేజ్ ముల్లు సున్నా మీద ఉంది.

"ఖాళీ అయిపోయిందక్కా," అంటూ మూతకి స్పానర్ తగిలించాను.

ట్యాంకు మీద చెయ్యి పెట్టిన అక్క చటుక్కున నా మణికట్టు పట్టేసుకుంది.

"విప్పకురా! మంచులా ఉంది. గ్యాస్ బయటికి పోతుంటే బొగ్గు చల్లబడిపోతుంది. చల్లబడ్డ బొగ్గు మిగతా గ్యాస్‌ని వదలదు, వేడెక్కాకే వదులుతుంది. ఇంట్లో సిలిండర్ అయిపోవచ్చిందంటే మా అమ్మ వేడినీళ్ల బేసిన్‌లో పెట్టి ఇంకో పూట వండేది, తెలుసా?"

అలాగే నిలబడిపోయాం. ట్యాంకు మెల్లగా గది వేడికి వస్తోంది. ఎవరూ ముట్టుకోకుండానే ముల్లు సున్నా వదిలి పైకి పాకసాగింది. స్పానర్‌ని మూత మీంచి మెల్లగా వెనక్కి తీశాను.

"నీకు భయమెయ్యదా అక్కా?"

అక్క నా మణికట్టు వదిలి, మళ్లీ ట్యాంకు మీద చెయ్యి ఆనించింది.

"భయం లేకపోతే చెయ్యెందుకు పెడతాన్రా?" అంది.